ఆకలిని చంపుకోవడం శీలం కాదు
అనోరెక్సియా గురించి ఒక ధమ్మ పాఠం



ఈ పాఠాన్ని ఒక తప్పు ఒప్పుకోవడంతో మొదలుపెడుతున్నా. ఆ తప్పు నాదే.

మా ఆదివారం తరగతికి ఒక అమ్మాయి వచ్చేది. ఇంటర్ రెండో సంవత్సరం. చదువులో చురుకు, మాట తక్కువ. పౌర్ణమి రోజు మాలో కొంతమందిమి అష్టశీలాలు తీసుకుంటాం. ఒక పౌర్ణమికి ఆ అమ్మాయి కూడా తీసుకుంది. ఆరో శీలం ప్రకారం మధ్యాహ్నం దాటాక అన్నం ముట్టలేదు. వారం తర్వాత వచ్చి, "అక్కా, నాకు ఇది చాలా బాగుంది, రోజూ పాటిస్తాను" అంది. నేను అందరి ముందూ నిలబెట్టి మెచ్చుకున్నా. "చిన్నపిల్ల, ఎంత నిగ్రహమో చూడండి" అన్నా. అందరూ సాధు సాధు అన్నారు.

రాత్రి అన్నం పోయాక పొద్దున టిఫిన్ పోయింది. ఆ తర్వాత మధ్యాహ్నం ముద్దలు తగ్గాయి. ఇంట్లో అడిగితే "శీలంలో ఉన్నా" అనేది. వాళ్లమ్మ సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. రోజూ ఎనభై మంది పిల్లలకు వడ్డించి వచ్చి, సొంత పిల్ల కంచం ముందు ఓడిపోయేది. ఒకరోజు నా దగ్గరికొచ్చి, "వదినా, పిల్ల తింటలేదు, నువ్వు చెప్తే వింటది" అని బతిమాలింది. నేను, "ఆ వయసు పిల్లలు అంతేలే, ఏం కాదు" అని పంపించేశా.

నాలుగు నెలలకు ఆ పిల్ల బాత్రూంలో పడిపోయింది. ఆసుపత్రిలో నాడి పట్టి చూస్తే నిమిషానికి 42. డాక్టరమ్మ మమ్మల్ని బయటికి పిలిచి, "ఇది నీరసం కాదు, దీన్ని అనోరెక్సియా అంటారు. ఇంకొన్నాళ్లు ఇంట్లోనే ఉంచి ఉంటే గుండె ఆగిపోయేది" అంది. అప్పుడు వాళ్లమ్మ నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ అమ్మాయి అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నా. పేరు రాయను. బరువు ఎంతకు పడిపోయిందో కూడా రాయను. ఈ జబ్బున్న పిల్లలు అలాంటి అంకెలు చదివితే వాటితో పోటీ పడతారని తర్వాత తెలుసుకున్నా. మీ ఇంట్లో, మీ హాస్టల్లో, మీ తరగతిలో ఇలాంటి పిల్ల ఉంటే నాలా మెచ్చుకుని ఊరుకోకూడదని ఈ పాఠం.

బుద్ధుడు దుఃఖాన్ని వైద్యుడు జబ్బును చూసినట్టు చూశాడని మనం చెప్పుకుంటాం. ముందు జబ్బేమిటో తెలియాలి, తర్వాత కారణం, తర్వాత తగ్గుతుందా లేదా, చివరికి తగ్గే దారి. మనమూ ఆ వరసలోనే పోదాం.

1. దుఃఖం: ఈ జబ్బు ఏమిటి, ఒంటిని ఏం చేస్తుంది?

దీని పూర్తి పేరు అనోరెక్సియా నెర్వోసా. అనోరెక్సియా అనే మాటకు ఆకలి లేకపోవడం అని అర్థం. కానీ ఆ పేరు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. చాలామందిలో ఆకలి ఉంటుంది, మొదట్లో బాగా ఉంటుంది కూడా. మనిషి ఆ ఆకలితో రోజంతా యుద్ధం చేస్తూ ఉంటుంది.

దీనికి మూడు గుర్తులు. ఒకటి, ఒంటికి అవసరమైనంత తినకుండా బరువు బాగా పడిపోవడం, ఎదిగే పిల్లలైతే పెరగాల్సిన బరువు పెరగకపోవడం. రెండు, లావైపోతానేమో అన్న భయం, లేదా బరువు పెరగకుండా ఏదో ఒకటి చేస్తూనే ఉండడం. మూడు, తన ఒంటిని తాను ఉన్నట్టుగా చూడలేకపోవడం, లేదా ఇంత చిక్కిపోవడం ప్రమాదమని ఒప్పుకోకపోవడం. ఎముకలు కనిపిస్తున్నా "ఇంకా లావుగానే ఉన్నా" అంటుంది. నటించడం లేదు, తనకు నిజంగానే అలా కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ముందు బొద్దుగా ఉన్న పిల్ల తిండి మానేసి కొద్ది నెలల్లో చాలా బరువు తగ్గితే, చూడ్డానికి "మామూలుగా" కనిపించవచ్చు. చుట్టాలు "సన్నబడి బాగున్నావే" అంటారు. లోపల గుండె మాత్రం అంతే ప్రమాదంలో ఉండవచ్చు. కాబట్టి కళ్లతో చూసి తేల్చేయకూడదు.

ఇది నిన్నగాక మొన్న ఫోన్లు వచ్చాక పుట్టిన జబ్బు కాదు. 1689లో రిచర్డ్ మోర్టన్ అనే ఇంగ్లండు వైద్యుడు క్షయ గురించి పుస్తకం రాస్తూ, క్షయ లేకుండానే తిండి మానేసి చిక్కిపోయిన ఇద్దరి సంగతి అందులో చేర్చాడు. ఒకరు పద్దెనిమిదేళ్ల అమ్మాయి, ఇంకొకరు పదహారేళ్ల అబ్బాయి. అంటే మగపిల్లలకు రాదనే మాట మొదటి పుస్తకంలోనే తప్పని తేలిపోయింది. 1873లో లండన్‌లో విలియం గల్, పారిస్‌లో షార్ల్ లసేగ్ దీన్ని వేరే జబ్బుగా గుర్తించి వివరించారు. అనోరెక్సియా నెర్వోసా అని పేరు పెట్టింది గల్.

మన వాడల్లో పెద్దవాళ్లకు ఈ జబ్బు గురించి చెప్తే కోపం వస్తుంది. ఆ అమ్మాయి నాయనమ్మ ఆసుపత్రి వరండాలో కూర్చుని, "మేం గంజి లేక మాడినం. దీనికి కంచంలో అన్నముండి మాడుడేంది, తిండెక్కువై" అని తిట్టింది. ఆమె కోపంలో న్యాయం ఉంది. ఆమె తరం ఆకలి అన్యాయం వల్ల పుట్టిన ఆకలి. భూమి లేక, కూలి గిట్టక వచ్చింది. ఈ పిల్లది జబ్బు వల్ల వచ్చింది. కారణాలు వేరు. కానీ ఒంటికి ఆ తేడా తెలియదు. అన్నం లేక తినకపోయినా, ఉండి తినలేకపోయినా గుండె అరిగేది ఒకేలాగే.

తినకపోతే ఒళ్లు ఏమవుతుందో మనకు ఎవరో కొత్తగా చెప్పక్కర్లేదు. మజ్ఝిమ నికాయంలోని మహాసచ్చక సుత్తంలో బుద్ధుడే తన అనుభవం చెప్పాడు. జ్ఞానోదయానికి ముందు ఆయన తిండిని దాదాపు పూర్తిగా తగ్గించుకున్నాడు. ఒళ్లు పుల్లల్లా అయింది, కళ్లు గుంటల్లోకి పోయాయి, పొట్ట పోయి వెన్నుకు అంటుకుంది, చేత్తో ఒళ్లు నిమిరితే వెంట్రుకలు ఊడి వచ్చాయి, లేవబోతే ముందుకు పడిపోయాడు. లాహోర్ మ్యూజియంలో ఉన్న గాంధార శిల్పం ఆ స్థితినే చూపిస్తుంది. పక్కటెముకలు, వాటి మీది నరాలు లెక్కపెట్టవచ్చు. చాలామంది ఆ బొమ్మ ఫోటో చూసి దండం పెడతారు. డాక్టరు చూస్తే వెంటనే ఆసుపత్రిలో చేర్చమంటాడు.

ఇప్పుడు వైద్యం చెప్పేది వరసగా చూద్దాం.

గుండె: తిండి అందకపోతే ఒళ్లు ముందు కొవ్వును, తర్వాత కండను కరిగించుకుంటుంది. గుండె కూడా కండే. అది పలచబడుతుంది, నాడి నెమ్మదిస్తుంది, బీపీ పడిపోతుంది, నిలబడగానే కళ్లు తిరుగుతాయి. వాంతులు చేసుకునేవాళ్లలో, విరేచనాల మాత్రలు వాడేవాళ్లలో రక్తంలో పొటాషియం పడిపోతుంది. అప్పుడు గుండె లయ తప్పి ఒక్కసారిగా ఆగిపోవచ్చు.

ఎముకలు: మన జీవితమంతటికీ సరిపడే ఎముక బలం ఎక్కువగా కూడేది పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల మధ్యలో. ఆ వయసులో తిండి, హార్మోన్లు లేకపోతే ఎముక గుల్లబారుతుంది. తర్వాత బరువు వచ్చినా ఆ నష్టం పూర్తిగా పూడకపోవచ్చు.

నెలసరి: చాలామంది ఆడపిల్లల్లో ఆగిపోతుంది. "పోనీలే, పరీక్షల టెన్షన్" అనుకుంటాం. మూడు నెలలు రాకపోతే డాక్టరుకు చూపించాల్సిందే. నెలసరి వస్తున్నంత మాత్రాన జబ్బు లేదని కూడా అనుకోవద్దు.

చర్మం, జుట్టు, చలి: జుట్టు ఊడుతుంది, చర్మం పొడిబారుతుంది, చేతులు కాళ్లు చల్లగా ఉంటాయి. వేసవిలో కూడా దుప్పటి కప్పుకుంటారు. వెచ్చదనం కోసం ఒంటి మీద సన్నటి నూగు వెంట్రుకలు మొలుస్తాయి.

పొట్ట: పేగులు నెమ్మదిస్తాయి. రెండు ముద్దలకే నిండినట్టుంటుంది, గ్యాస్, మలబద్ధకం. మా పిల్లను మొదట మూడుసార్లు గ్యాస్ మాత్రల కోసమే తీసుకెళ్లారు.

మెదడు: ఏకాగ్రత పోతుంది, చిరాకు, దిగులు, నిద్ర పట్టకపోవడం. మాటల్లో, ఆలోచనల్లో తిండి తప్ప ఇంకేమీ ఉండదు. తాను తినదు కానీ ఇంట్లో అందరికీ వండి కొసరి కొసరి వడ్డిస్తుంది.

మానసిక జబ్బుల్లో ప్రాణాలు ఎక్కువగా తీసే వాటిలో ఇది ఒకటి. కొందరు గుండె ఆగి పోతారు, కొందరు దిగులుతో ప్రాణం తీసుకుంటారు. అమెరికా గాయని కారెన్ కార్పెంటర్ 1983లో 32 ఏళ్లకే ఈ జబ్బు తెచ్చిన గుండె దెబ్బతో చనిపోయింది. అప్పటికి ఆమె వైద్యం తీసుకుని కొంత బరువు కూడా పెరిగింది. బరువు రావడం మొదలైంది కదా అని గండం గడిచినట్టు కాదు.

2. కారణం: ఎందుకు వస్తుంది?

ఒక్క కారణం చెప్పమంటే చెప్పలేం. అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని వస్తాయి. ధమ్మం చదివినవాళ్లకు ఈ మాట కొత్త కాదు.

కొంత పుట్టుకతో వస్తుంది. కుటుంబాల్లో ఈ జబ్బు పోకడ ఉంటుందని, వంశపారంపర్య పాత్ర ఉందని పరిశోధనలు చెప్తున్నాయి. అన్నీ పొందికగా ఉండాలనుకునే, చిన్న తప్పుకే కుమిలిపోయే, ఆందోళన ఎక్కువున్న పిల్లల్లో ఎక్కువ. అంటే మనం "బంగారం లాంటి పిల్ల" అని మెచ్చుకునేవాళ్లలోనే.

కొంత చుట్టూ ఉన్న ప్రపంచం నుంచి వస్తుంది. "బండ", "డ్రమ్ము", "కొంచెం తగ్గితే సంబంధాలు వస్తాయి" అని మనం నవ్వుతూ అనే మాటలు పిల్ల గుండెలో ముల్లులా దిగుతాయి. పసిఫిక్ సముద్రంలోని ఫిజీ దీవుల్లో ఒకప్పుడు నిండుగా ఉన్న ఒంటికే విలువ. అక్కడ ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు బడిపిల్లల్ని అడిగింది. బరువు తగ్గడానికి వాంతి చేసుకుంటున్నామన్న ఆడపిల్లలు 1995లో ఒక్కరూ లేరు, 1998లో నూటికి 11 మంది తేలారు. వాళ్లందరికీ అనోరెక్సియా వచ్చిందని కాదు. కానీ తన ఒంటి మీద తనకే అసహ్యం ఎంత తొందరగా నేర్పవచ్చో చూడండి. అప్పుడు ఇంటికొక టీవీ. ఇప్పుడు పిల్ల చేతిలోనే ఫోను.

అందరూ లావు భయంతోనే తిండి మానరు. 1990లలో హాంకాంగ్ వైద్యుడు సింగ్ లీ తన దగ్గరికొచ్చిన రోగుల్లో చాలామంది లావు మాటే ఎత్తడం లేదని, "కడుపు నిండుగా ఉంది", "ఆకలి లేదు" అంటున్నారని రాశాడు. ఈ సంగతి మనకు ముఖ్యం. ఎందుకంటే మన పిల్లలు కూడా "అరగట్లేదు", "ఉపవాసం", "శీలం", "పరీక్షలయ్యాక తింటా" అనవచ్చు. సాకు ఏదైనా కంచం ఖాళీ కావడం లేదన్నదే మనం చూడాల్సింది.

ఇంకో కారణం ఉంది. ఇదే నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం. పస్తు పస్తునే పెంచుతుంది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1944-45లో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. యుద్ధం తర్వాత యూరప్‌లో ఆకలితో ఉన్నవాళ్లకు ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడం కోసం. 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు స్వచ్ఛందంగా వచ్చారు. 24 వారాలు వాళ్లకు సగం తిండే పెట్టారు. దాదాపు పావు వంతు బరువు తగ్గారు. ఒళ్లు చల్లబడింది, నాడి నెమ్మదించింది. మనసూ మారింది. వంటల పుస్తకాలు చదువుతూ కూర్చున్నారు, ఒక్క భోజనాన్ని గంటల తరబడి సాగదీశారు, నవ్వడం మానేశారు, స్నేహితులకు దూరమయ్యారు. వీళ్లెవరికీ ముందు మానసిక జబ్బు లేదు, సన్నబడాలన్న కోరికా లేదు. ఒట్టి పస్తే వాళ్లను అలా చేసింది.

మన పిల్లలో మనం చూసి విసుక్కునే మొండితనం, చిరాకు, ఒంటరితనం, కంచంలో మెతుకులతో ఆటలు ఇవన్నీ చాలా వరకు పస్తు లక్షణాలే. ఆకలితో ఉన్న మెదడుకు ఎంత బోధించినా ఎక్కదు.

మరి తల్లిదండ్రుల తప్పా? కాదు. ఈ మాట గట్టిగా రాస్తున్నా. తల్లి పెంపకం వల్లే వస్తుందని ఒకప్పుడు వైద్యులు కూడా అనేవాళ్లు. ఇప్పుడు అలా అనడం లేదు. పైగా ఈ జబ్బును తగ్గించడంలో ఇంటివాళ్లే పెద్ద బలం.

3. నిరోధం: తగ్గుతుందా?

తగ్గుతుంది. చాలామంది పూర్తిగా కోలుకుంటారు. తొందరగా పట్టుకుంటే ఇంకా బాగా తగ్గుతుంది. కానీ నెలల్లో కాదు, తరచు సంవత్సరాలు పడుతుంది. మధ్యలో మళ్లీ తిరగబెట్టవచ్చు. అది ఓటమి కాదు, జబ్బు స్వభావం.

మనకు ఇక్కడ బుద్ధుని కథ మళ్లీ పనికొస్తుంది. ఇంత చిక్కిపోయిన ఒంటితో తాను వెతికేది దొరకదని ఆయన గ్రహించాడు. సుజాత ఇచ్చిన పాయసం తీసుకున్నాడు. బోధి కన్నా ముందు ఆయన చేసిన పని అన్నం తినడం. ఈ ఘట్టాన్ని అంబేడ్కర్ 'బుద్ధుడు – ఆయన ధమ్మం' గ్రంథంలో చెప్పాడు.

అప్పుడు ఏం జరిగింది? తోడున్న ఐదుగురూ "గౌతముడు సుఖాలకు పడిపోయాడు" అని వదిలేసి వెళ్లిపోయారు. చిక్కి శల్యమైనప్పుడు పక్కనే ఉండి గౌరవించినవాళ్లు, ముద్ద తినగానే చీదరించుకున్నారు! ఈ కథ ఎన్నోసార్లు చెప్పిన నాకు, ఆసుపత్రిలో ఆ పిల్ల పక్కన కూర్చున్నాకే దీని అర్థం తెలిసింది. పస్తులున్నప్పుడు మెచ్చుకున్న నేనూ ఆ ఐదుగురిలో ఒకదాన్నే. అమ్మాయి కోలుకుని బుగ్గలు వచ్చాక "అబ్బో, లావయ్యావే" అన్న చుట్టాలూ ఆ ఐదుగురే.

4. మార్గం: ఏం చేయాలి?

మొదటి అడుగు డాక్టరు. క్షయ, థైరాయిడ్, షుగర్, పేగు జబ్బుల వల్ల కూడా మనిషి చిక్కిపోవచ్చు. అవి లేవని చూడాలి. నాడి, బీపీ, ఒంటి వేడి, ఈసీజీ, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్ పరీక్షలు చేయించాలి. రక్త పరీక్షలన్నీ బాగున్నాయంటే ప్రమాదం లేదని కాదు. ఒళ్లు చివరి దాకా సర్దుకుంటూ వస్తుంది, తర్వాత ఒక్కసారిగా కూలుతుంది.

ఈ కింది వాటిలో ఏ ఒక్కటున్నా రేపు చూద్దాం అనుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, అవసరమైతే 108కి ఫోన్ చేయండి:

– సొమ్మసిల్లి పడిపోవడం, ఛాతీ నొప్పి, గుండె దడ
– మెలకువగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 50 కన్నా తక్కువ
– గొంతుక్కూర్చుని చేతులు ఆనించకుండా లేవలేకపోవడం (కండ బలం చూడ్డానికి డాక్టర్లు కూడా వాడే పరీక్ష ఇది)
– కొన్ని రోజులుగా దాదాపు ఏమీ తినకపోవడం, నీళ్లు కూడా మానేయడం
– కాళ్ల వాపు, అయోమయంగా మాట్లాడడం
– చచ్చిపోతా అనడం, తనను తాను గాయపరచుకోవడం

రెండో అడుగులో ఒక పెద్ద హెచ్చరిక. చాలా రోజులు పస్తున్న మనిషికి ఒక్కసారిగా కడుపు నిండా పెట్టకూడదు. ప్రేమతో పెట్టిన ఆ అన్నమే ప్రాణం తీయవచ్చు. తిండి ఒక్కసారిగా లోపలికి పోగానే రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి లాక్కోబడతాయి. రక్తంలో వాటి మట్టం పడిపోయి గుండె, ఊపిరి దెబ్బతింటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో చెరల నుంచి బయటపడి తిండి దొరికాక చనిపోయినవాళ్లలో దీన్ని చూశారు. అందుకే బాగా చిక్కిపోయినవాళ్లకు మొదటి రోజుల్లో డాక్టరు కనిపెట్టి ఉండగా, రక్త పరీక్షలు చేస్తూ, బి1 విటమిన్ ఇస్తూ తిండి పెంచుతారు. ఎంత పెట్టాలో వాళ్లే చెప్పాలి.

మూడో అడుగు ఇల్లు. ఎదిగే పిల్లలకు బాగా పనిచేస్తున్న పద్ధతి ఒకటి 1980లలో లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకుంది. అందులో మందు అన్నమే, నర్సులు తల్లిదండ్రులే. ఎప్పుడు, ఏం, ఎంత తినాలో కొంతకాలం పిల్ల చేతిలో ఉంచకుండా పెద్దవాళ్లు తీసుకుంటారు. మూడు పూటలా, మధ్యలో చిరుతిండికీ పక్కన కూర్చుంటారు. ఏడ్చినా, అరిచినా తిట్టరు, వదలరు. "నిన్ను కాదు, నీ జబ్బును ఎదిరిస్తున్నాం" అన్నట్టుంటారు. బరువు కుదుటపడ్డాక తిండి బాధ్యత నెమ్మదిగా పిల్లకే తిరిగి ఇస్తారు. దీనికి తోడు మానసిక వైద్యులతో కౌన్సెలింగ్ ఉండాలి. ఈ జబ్బును మాయం చేసే మాత్ర ఏదీ లేదు. దిగులు, ఆందోళన ఉంటే వాటికి మందులు ఇస్తారు.

వాళ్లమ్మ అలాగే చేసింది. బడిలో పిల్లలకు వడ్డించి వచ్చి, కూతురి పక్కన గంటన్నర కూర్చునేది. ఒకరోజు పప్పన్నం గోడకేసి కొట్టింది పిల్ల. ఆ తల్లి గోడ తుడిచి, ఇంకో కంచం పెట్టి, మళ్లీ కూర్చుంది. నేను మైత్రి గురించి ఎన్నో ఉపన్యాసాలు ఇచ్చా. మైత్రి అంటే ఏమిటో ఆ రోజు చూశా.

ఇంట్లో అనకూడని మాటలు: "తింటే ఏం పోయింది", "నీ వల్ల ఇల్లంతా నాశనం", "ఎంత సన్నబడ్డావో", "ఇప్పుడు బొద్దుగా ముద్దొస్తున్నావ్". చివరిది మంచి మాటే అనిపిస్తుంది. కానీ ఆ చెవికి అది "లావయ్యావు" అనే వినిపిస్తుంది. ఒంటి గురించి మంచీ వద్దు, చెడ్డా వద్దు. "నీకు కష్టంగా ఉందని తెలుసు. నేనిక్కడే ఉన్నా. ఇంకో ముద్ద" అంటే చాలు.

నాలుగో అడుగు సిగ్గు విడవడం. "సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్తే పిచ్చి అంటారు, రేపు పెళ్లెలా" అని దాచేవాళ్లు ఎక్కువ. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. టెలి మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ ఇన్సూరెన్స్ ఇవ్వాలి. ఇది మన హక్కు, అడగండి.

5. మరి ఆరో శీలం?

"అయితే ఉపవాసం తప్పంటావా అక్కా?" అని తరగతిలో ఒకాయన అడిగాడు. తప్పు కాదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఒక పూట తిండి తేలిక చేసుకుని ఆ సమయాన్ని ధ్యానానికి, చదువుకు పెట్టడం మంచిదే. తేడా ఎక్కడంటే, శీలం పాటించేవాళ్లకు మర్నాడు పొద్దున కంచం చూస్తే భయం వేయదు. జబ్బున్న పిల్లకు వేస్తుంది. శీలం మనసును తేలిక చేస్తుంది. జబ్బు లెక్కలతో నింపుతుంది.

భిక్షువులకే నియమం ఉన్నా, జబ్బుపడ్డవాళ్లకు నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం ఔషధాలుగా మధ్యాహ్నం దాటాక కూడా తీసుకోవచ్చని బుద్ధుడు అనుమతించాడని వినయ పిటకం చెప్తుంది. నియమం మనిషి కోసం అని దీని అర్థం.

ధమ్మపదం అట్టకథలో ఇంకో సంగతి ఉంది. ఆళవి ఊళ్లో ఒక పేద రైతు బుద్ధుని బోధ వినాలనుకున్నాడు. ఆ పొద్దున ఎద్దు తప్పిపోయింది. దాన్ని వెతికి పట్టుకుని, ఆకలితో అలసి వచ్చాడు. అందరూ కూర్చుని ఉన్నారు. బుద్ధుడు బోధ మొదలుపెట్టకుండా అతని కోసం ఆగాడు. రాగానే ముందు అతనికి అన్నం పెట్టమన్నాడు. అతను తిని కుదుటపడ్డాకే బోధించాడు. ఆకలితో ఉన్నవాడికి ధమ్మం తలకెక్కదని ఆయనకు తెలుసు. మిన్నెసోటా ప్రయోగం చెప్పింది కూడా అదే.

మా తరగతిలో ఇప్పుడు మేం కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు, షుగర్ లాంటి జబ్బులున్నవాళ్లకు ఆరో శీలం ఇవ్వం. వాళ్లు పంచశీలాలు తీసుకుంటారు. పస్తు ఉన్నవాళ్లను ఎవరినీ అందరి ముందూ మెచ్చుకోం. ఒక రోజు శీలాన్ని "రోజూ పాటిస్తా" అని ఏ పిల్ల అయినా వస్తే, సాధు అనే ముందు వాళ్లింటికి వెళ్లి ఒక పూట కలిసి భోంచేస్తాం. తరగతి అయ్యాక అందరం కింద వరసగా కూర్చుని కలిసి తింటాం. ఎవరి కంచం ఎవరూ లెక్కపెట్టరు, కానీ ఎవరూ తినకుండా లేవరు.

ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. పూర్తిగా తగ్గిందని చెప్పలేను. పరీక్షల ముందు తలలో లెక్కలు మళ్లీ మొదలవుతాయట. అప్పుడు తనే అమ్మకు చెప్తుంది, అమ్మ పక్కన కూర్చుంటుంది. పోయిన వైశాఖ పౌర్ణమికి పాయసం వడ్డించే పని తనే అడిగి తీసుకుంది. అందరికీ వడ్డించాక గిన్నె పట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. నేను చూడనట్టే తల దించుకుని తిన్నా. కాసేపటికి తన గిన్నెలో చెంచా అడుగు తగిలిన చప్పుడు వినిపించింది.

చర్చకు ప్రశ్నలు

1. మన ఇళ్లలో పిల్లల ఒంటి గురించి అనే మాటలు ఏవి? ఈ వారం రోజులు వాటిని మానగలమా?
2. పేదరికం వల్ల వచ్చే ఆకలికీ, జబ్బు వల్ల వచ్చే పస్తుకీ తేడా ఏమిటి? రెండిటిలో ఒంటికి జరిగే నష్టం ఎక్కడ ఒకటవుతుంది?
3. బాగా చిక్కిపోయిన మనిషికి వెంటనే కడుపు నిండా ఎందుకు పెట్టకూడదు?
4. గౌతముణ్ణి వదిలి వెళ్లిన ఐదుగురిలా మనం ఎప్పుడైనా ప్రవర్తించామా?
5. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన గుర్తులు చూడకుండా చెప్పండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.